లిఫ్టు పక్కన డేగ

మా అపార్ట్‌మెంట్‌లో కింద లిఫ్టు పక్కన గోడకు ఒక ఫొటో వేలాడుతుంటుంది. కిటికీ రెక్కంత ఉంటుంది. నల్ల ఫ్రేము, దాని పైన ఒక చిన్న లైటు. ఫొటోలో ఆడ డేగ ఒకటి గూటి అంచున నిలబడి రెండు రెక్కలూ బారుగా విప్పుకుని ఉంటుంది. ఎండంతా దాని వీపు మీద. దాని నీడలో రెండు తెల్లటి పిల్లలు. ఒకటి నోరు తెరుచుకుని తల్లి వైపు చూస్తుంటుంది. రెండోది పుల్లల మీద తల వాల్చి ఉంటుంది. కింద ఇత్తడి రేకు మీద ‘అమ్మ’ అని చెక్కించారు.

మా లిఫ్టు ఎప్పుడూ పై అంతస్తులోనే ఉంటుంది, కిందికి రావడానికి బోలెడు సేపు పడుతుంది. ఆ సేపంతా జనం ఆ ఫొటో చూస్తారు. “అబ్బా, పక్షైనా తల్లి తల్లే కదండీ” అంటారు. నాలుగో అంతస్తు ఆంటీ కూరగాయల సంచి కింద పెట్టి మరీ చూస్తుంది. “గా రెండోది జూడు బిడ్డా, ఎంత నిమ్మలంగ పండుకున్నదో. తల్లి నీడల ఉంటె గట్లనే నిద్ర వడుతది” అంటుంది. ఆమె మంచి మనిషి. నేను మెట్లెక్కి మూడో అంతస్తులో మా ఇంటికి నడిచిపోతాను.

ఆ ఫొటో అంటే నాకు ఒళ్లుమంట. తీసినాయన అంటే అంతకు మించిన మంట. దాచుకునేది ఏమీ లేదు, మా బిల్డింగ్‌లో అందరికీ తెలుసు. ఆయనది ఐదో అంతస్తు. పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు, గోదావరి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు, మా అసోసియేషన్‌కు ప్రెసిడెంటు. రిటైరయ్యాక చేతి పొడుగు లెన్సు కొనుక్కుని పక్షుల మీద పడ్డారు. మనిషి మర్యాదస్తుడు. గొంతు లేపరు, ఎవరినీ ‘నువ్వు’ అనరు. అందుకే ఆయనతో పోట్లాడటం కష్టం. అరిచేది ఎప్పుడూ నేనే అవుతాను, నలుగురిలో తప్పు కూడా నాదే అవుతుంది.

నేను నల్లకుంటలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. చదివింది ఇక్కడి యూనివర్సిటీలోనే. పొద్దున నడకకు క్యాంపస్‌కే పోతాను, మెడలో పాత కెమెరా వేసుకుని. వేటాడే పక్షులంటే నాకు పిచ్చి. చిలకలూ పిచ్చుకలూ ఎవరికైనా కనిపిస్తాయి. డేగ అలా కాదు. మన తల మీది కొమ్మ మీదే కూర్చుని మనల్ని చూస్తుంటుంది, మనకు మాత్రం కనబడదు. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. చిన్నప్పుడు డేగ అంటే కోడిపిల్లల దొంగ. ఆకాశంలో నీడ కదిలిందంటే మా నాయనమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తి పిల్లల మీద గంప బోర్లించేది. “నీ రెక్కలిరగ” అని తిట్టేది. ఆమె మనవరాలు పెద్దదై డేగల వెంట తిరుగుతుందని ఆమె కలలో కూడా అనుకుని ఉండదు.

నేను చదివిన డిపార్ట్‌మెంట్ వెనక ఒక వేపచెట్టు ఉంది. బిల్డింగ్ పాతది, రెండంతస్తులు. చెట్టు దాన్ని ఆనుకుని పైకి పోయింది. పోయిన వేసవి మొదట్లో ఒక డేగల జంట ఆ వేపలో గూడు కట్టింది. పావురం కంటే కొంచెం పెద్ద పక్షి, బూడిదరంగు వీపు, మగదాని కళ్లు నిప్పుకణికలు, ఆడదానివి పసుపుపచ్చ. డాబా ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడితే గూడు సరిగ్గా మన కళ్లెత్తున ఉంటుంది. కానీ కనబడదు. ముందు రెండు గుబురు కొమ్మలు అడ్డం. ఆ కొమ్మల సందులోంచి నాకు దొరికింది ఒకటే ఫొటో, అంతా ఆకులు, ఆకుల మధ్యలో ఒక పసుపుపచ్చ కన్ను. ఎవరికి చూపించినా “ఏముంది ఇందులో?” అన్నారు. నాకైతే నేను తీసినవాటన్నిటిలో అదే ఇష్టం. ఆ కన్ను నన్ను నిలేసి అడుగుతున్నట్టు ఉంటుంది, నీకేం పని ఇక్కడ అని.

గుడ్లు పొదిగే రోజుల్లో నేను తప్ప అక్కడికి ఎవరూ రాలేదు. వాచ్‌మన్ అన్నకు నన్ను చదువుకునే రోజుల నుంచీ తెలుసు, డాబా తాళం తీసేవాడు. పిల్లలు బయటికొచ్చాక మగడేగ తొండల్ని పట్టుకొచ్చి కేకలేయడం మొదలుపెట్టింది. ఆ కేకలకు కింద నడకకు వచ్చే కుర్రాడెవరో తల ఎత్తాడు. ఫోన్లో వీడియో తీశాడు, స్టేటస్ పెట్టాడు. అంతే. మర్నాటికల్లా డాబా నిండిపోయింది.

ఈ ఫొటోల వాళ్ల సంగతి కొంచెం చెప్పాలి. తార్నాక చౌరస్తాలో బస్సుల మధ్య నుంచి మిలిటరీ రంగు బట్టలు, మిలిటరీ రంగు టోపీ, లెన్సుకు కూడా మిలిటరీ రంగు తొడుగు వేసుకుని వస్తారు. పిట్టకు కనపడకూడదని. కానీ వచ్చాక డాబా మీద ఇడ్లీ పొట్లాలు విప్పుకుని పెళ్లి పందిట్లో మాట్లాడినట్టు మాట్లాడతారు. వాళ్ల లోకంలో అన్నిటికంటే పెద్ద పాపం ఒకటే, పక్షికీ లెన్సుకూ మధ్య ఆకు రావడం. ఆకు అడ్డం వస్తే ఫ్రేము శుభ్రంగా లేదంటారు. పక్షి బతికేదే ఆ ఆకుల్లో అని చెబితే “నిజమే మేడం, కానీ పోటీల్లో తీసుకోరు” అంటారు.

ఒకరోజు పొద్దున నేను డాబా ఎక్కేసరికి గూడు మొత్తం కనబడుతోంది. ముందున్న రెండు కొమ్మలూ లేవు. కోసిన చోట చెట్టు తెల్లగా ఉంది. పొడుగాటి వెదురుకర్రకు కొడవలి కట్టి డాబా మీది నుంచే లాగేశారు. కొమ్మలు కింద పడి ఉన్నాయి, ఆకులు ఇంకా వాడలేదు.

“ఇవి ఎవరు కొట్టిన్రన్నా?” అని వాచ్‌మన్‌ను పట్టుకున్నాను.

“గా పెద్దసారు కొట్టిచ్చిండు మేడం. లావు లెన్సు సారు. తోట పని జేసేటాయనకు జెప్పిండు, గోడకు తగులుతున్నయి, రెండు కొమ్మలే గదా అన్నడు. నేనేం జెయ్యాలె?”

పెద్దసారు మా ఐదో అంతస్తు ఆయనే. మూడు కాళ్ల స్టాండు వేసి, మడత కుర్చీలో కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతున్నారు.

“సార్, ఇదేం పని? ఆ కొమ్మలు వాటి నీడ. ఈ ఎండలకు పిల్లలు మాడిపోతాయి.”

“మరీ అంత కంగారు పడకండమ్మా” అన్నారు, కప్పు నాకు కూడా చాపుతూ. “తల్లి చూసుకుంటుంది. ప్రకృతి చాలా గట్టిది. మీరూ ఒక షాట్ తీసుకోండి, ఇంత క్లీన్ యాంగిల్ మళ్లీ దొరకదు.”

నేను కాఫీ ముట్టుకోలేదు. తీయనూ లేదు.

పదకొండు దాటేసరికి ఎండ సూటిగా గూట్లో పడింది. తెల్లటి నూగుతో ఉన్న పిల్లలు, ఇంకా సరిగ్గా నిలబడటం కూడా రానివి, ముక్కులు తెరుచుకుని ఎగపోస్తున్నాయి. ఆడడేగ వచ్చి వాటి మీద రెక్కలు విప్పి నిలబడింది. దాని ముక్కు కూడా తెరిచే ఉంది. వేటకు పోవలసినది, పిల్లలకు గొడుగు పట్టుకుని నిలబడిపోయింది. వెనక కెమెరాలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒకాయన “సూపర్ ఎక్స్‌ప్రెషన్ బ్రో” అన్నాడు. నాకు వాళ్లందర్నీ మెట్ల మీది నుంచి దొర్లించాలనిపించింది.

ఇంటికొచ్చాక మా నాయనమ్మ గంప గుర్తొచ్చింది. సాయంత్రం లాలాపేట్ పోయి, మొక్కల మీద ఎండ పడకుండా డాబాల మీద కడతారే, ఆ పచ్చటి వల, ఒక ముక్క కొనుక్కొచ్చాను. మర్నాడు తెల్లవారగానే, ఆ మిలిటరీ దళం రాకముందే, వాచ్‌మన్ అన్నా నేనూ పిట్టగోడ మీది నుంచి రెండు వెదురుకర్రలు చాపి గూటికి పైన వల కట్టాం. గూడు దగ్గర మనిషి మసిలితే పక్షి గూడు వదిలేసి పోవచ్చు. అప్పుడు ఎండ చంపక్కర్లేదు, నేనే చంపినట్టవుతుంది.

ఆడడేగ ఎదురుగా కరెంటు తీగ మీద వాలి కిక్కీ కిక్కీ అని తిట్టింది. తిట్టడమే అది. మేము మెట్ల గదిలో తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాం. అన్న బీడీ తీసి కూడా వెలిగించుకోలేదు. “రాకపోతె ఎట్ల మేడం?” అన్నాడు. “వస్తదన్నా, ఆగు” అన్నాను. నాకేం తెలుసు వస్తుందని? చాలా సేపటికి అది ఒక చుట్టు తిరిగింది, వలను తలవంచి చూసింది, కింద నుంచి దూరి గూట్లో దిగింది. పిల్లల్ని ముక్కుతో ఒకసారి సర్దింది. ఇంకాసేపటికి రెక్కలు ముడుచుకుని వేటకు పోయింది. రెక్కలు ముడుచుకోవడం ఇంత గొప్ప విషయమని నాకు ఆ రోజు దాకా తెలియదు. కళ్లనీళ్లు పెట్టుకున్నాను, అన్న చూడనట్టు నటించాడు.

మొదటి గొడవ సెక్యూరిటీ నుంచి వచ్చింది. బండి మీద ఒక ఆఫీసరు వచ్చి డాబా ఎక్కాడు.

“ఎవర్ని అడిగి కట్టిన్రు మేడం గిది? క్యాంపస్‌ల చెట్లకు ఏదన్న కట్టాలంటే పర్మిషన్ గావాలె.”

“మరి కొమ్మలు కొట్టినప్పుడు ఎవరు పర్మిషన్ ఇచ్చిన్రు?”

“గది తోటోళ్ల పని. నా కిందికి రాదు.”

“అంటే నీడ గొట్టేస్తే మీ కిందికి రాదు, నీడ గడితే వస్తదా?”

“నా మీద అరిస్తె ఏమొస్తది మేడం? నేను రాసుకుంటున్న, గంతే” అని పోయాడు. మళ్లీ రాలేదు. మనసులో ఆయనకూ వల ఉంటేనే బాగుందనిపించిందేమో, నాకు తెలియదు.

రెండో గొడవ ఇంకా వింతది. పచ్చటి వల లోంచి వచ్చే వెలుగు పక్షి మీద పచ్చగా పడుతోందట. డేగ తెల్లటి రొమ్ము ఫొటోలో పాచి పట్టినట్టు వస్తోందట. దాని మీద డాబా మీద ఒక సభే జరిగింది. ఒకడు ఇంటికెళ్లాక రంగు సరిచేసుకోవచ్చన్నాడు. ఇంకొకడు ఎంత సరిచేసినా అసలు రంగు రాదన్నాడు. పిల్లలు బతికాయి కదా అన్నవాడు ఒక్కడూ లేడు.

పెద్దసారు నన్ను పక్కకు పిలిచారు. “ఒక్క అరగంట తీసి మళ్లీ కట్టేద్దాం అమ్మా. మంచి వెలుగున్నప్పుడు.”

“తీసే మాటే లేదు సార్. మంచి వెలుగంటే మీకు, వాటికి అది మంట.”

“సరే సరే. మీ మాట ఎందుకు కాదంటాను? నేను రోజూ ఉంటాగా, వల నేనే చూసుకుంటా. మీరు నిశ్చింతగా మీ కాలేజీకి వెళ్లిరండి.”

అలా అన్నారు. నాకు సరిగ్గా గుర్తుంది, నిశ్చింతగా అన్నారు. అప్పుడు మా కాలేజీలో పరీక్షలు. నేను పొద్దున వచ్చి చూసుకుని, డ్యూటీకి పోయి, మధ్యాహ్నం తిరిగి వచ్చేదాన్ని. కొన్నాళ్లు బాగానే గడిచింది. పిల్లల రెక్కల మీద నల్లటి మొలకలు కనిపించడం మొదలైంది. రెండింటిలో చిన్నది, అంటే రెండోది, తోసుకుని ముందుకొచ్చి తొండ తోక లాక్కునేది. దాని తెంపరితనం చూస్తే నాకు నవ్వొచ్చేది.

ఆ రోజు ఎండ మామూలుగా లేదు. పరీక్ష హాల్లో ఫ్యాన్లు వేడిగాలి విసురుతున్నాయి. పేపర్లు కట్టి అప్పజెప్పి ఆటో పట్టుకుని క్యాంపస్‌కు వచ్చాను. మెట్ల దగ్గరికి రాగానే పై నుంచి టకటకటకా, ఆగకుండా. ఎప్పుడూ వినే చప్పుడే, కానీ ఇంత పొద్దెక్కాక కూడా ఎవరూ ఇళ్లకు పోలేదంటే ఏదో జరిగిందనిపించింది.

డాబా మీద అందరూ వరసగా లెన్సులకు కళ్లు అంటించి ఉన్నారు. వల లేదు. పిట్టగోడ మూల చక్కగా మడత పెట్టి, ఎగిరిపోకుండా మీద ఇటుక పెట్టి ఉంది. చీర మడత పెట్టినట్టు అంచుకు అంచు కలిపి మడిచారు. ఆ మడత చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

“రండమ్మా రండి, మీకోసమే చూస్తున్నా!” అన్నారు పెద్దసారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. “జన్మకొక్క షాట్. ఇటు చూడండి.”

కెమెరా వెనక తెర నా ముందు పెట్టి, దాని మీద తన కండువా నీడ పట్టి చూపించారు. ఆడడేగ రెక్కలు విప్పి ఉంది. ప్రతి ఈకా విడివిడిగా కనిపిస్తోంది. “చూశారా ఎంత షార్పో!” అంటూ చక్రం తిప్పి పెద్దది చేశారు. తల్లి కన్ను తెరంతా నిండింది. ఇంకొంచెం కిందికి జరిపారు. మొదటి పిల్ల, తెరిచిన నోట్లో నాలుక. ఇంకొంచెం జరిపారు. రెండో పిల్ల. తల పుల్లల మీద. కన్ను సగం తెరిచి ఉంది. ఆ కంటి మీద ఒక ఈగ కూర్చుని ఉంది.

ఆయన వేలు ఆగింది. నేను చూశాను, ఆయనా చూశారు. ఇద్దరం ఒకేసారి చూశాం. ఆయన చక్రం గబుక్కున వెనక్కి తిప్పేశారు.

“సార్, అది సచ్చిపోయింది.”

“లేదమ్మా, పడుకుంది” అన్నారు.

“కన్ను మీద ఈగ ఉంటె ఎట్ల పండుకుంటది సార్? మీకు సిగ్గున్నదా? నిశ్చింతగ పొమ్మన్నరు గదా నన్ను!”

“అరగంటే కదా తీశాం...”

“ఎన్ని అరగంటలు సార్?”

నేను ఇటుక తీసి పారేసి వల విప్పాను. వెనక నుంచి ఒకడు “మేడం, ఇంకో పది నిమిషాలు ప్లీజ్” అన్నాడు. వాణ్ని ఏమన్నానో ఇక్కడ రాయలేను. మా నాయనమ్మ కూడా అంత మాట అని ఉండదు. వాచ్‌మన్ అన్న పరిగెత్తుకొచ్చి కర్ర పట్టుకున్నాడు. వల కట్టి మెట్ల గదిలో కూర్చున్నాం. ఆడడేగ ఈసారి వెంటనే దిగింది. మొదటి పిల్ల తల నిలబెట్టింది. రెండోది నిలబెట్టలేదు.

మర్నాడు పొద్దున తల్లి చచ్చిన పిల్లను చీల్చి, ముక్క ముక్కా బతికిన పిల్ల నోట్లో పెట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. దాని మీద నాకు ఏ కోపమూ రాలేదు. అది డేగ, డేగలాగే ఉంది. ఇల్లు గడవడం దానికి ముఖ్యం. అది కూడా ఒకరిద్దరు ఫొటోలు తీశారు. పెద్దసారు మాత్రం లెన్సు కిందికి దించి, “ఇది ఎవరూ చూడలేరమ్మా” అన్నారు, నాతో కాదన్నట్టు, గాలితో అన్నట్టు. తర్వాత ఆయన ఆ డాబాకు రాలేదు. ఆయనకు కావలసింది దొరికింది.

బతికిన పిల్ల వానలు పడకముందే ఎగిరింది. మొదట కొమ్మ మీదికి, తర్వాత డాబా పిట్టగోడ మీదికి. నన్ను చూసి అరిచింది. ఆ రోజు కెమెరా తీసుకుపోలేదు.

చలికాలంలో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి లిఫ్టు పక్కన ఎలక్ట్రీషియన్ గోడకు మేకులు కొడుతున్నాడు. ఏదో పోటీలో ఆ ఫొటోకు మొదటి బహుమతి వచ్చిందట, అసోసియేషన్ తరఫున పెద్దగా ప్రింటు వేయించారట. అందరూ వెళ్లిపోయాక దగ్గరికి పోయి ఫోన్ లైటు వేసి చూశాను. నాకు కావలసింది ఒకటే, రెండో పిల్ల కన్ను. ముక్కు ఫొటోకు తగిలేంత దగ్గరికి పెట్టాను.

ఈగ లేదు. ఈగ ఉన్న చోట మెత్తటి తెల్లటి నూగు ఉంది. కన్ను కూడా లేదు, దాని మీదుగా నూగు పరిచేశారు. దాంతో అది కన్ను మూసుకున్నట్టు ఉంది. కంప్యూటర్‌లో పక్కన ఉన్న నూగును తెచ్చి అతికిస్తారు, వాళ్లకది నిమిషాల పని. కానీ అతికించాలంటే ముందు అక్కడ ఏముందో చూడాలి. పెద్దది చేసి చూడాలి. దగ్గర కూర్చుని, శ్రద్ధగా, ఈక ఈకా చూడాలి. కొమ్మ కొట్టించడం తెలియనితనం అనుకోవచ్చు, వల తీయడం ఆశ అనుకోవచ్చు. ఇది మాత్రం తెలిసి చేసిన పని. అప్పటిదాకా నాకు ఆయన మీద కోపం ఉండేది. ఆ సాయంత్రం నుంచి అసహ్యం పుట్టింది.

జనవరి ఇరవై ఆరున మా సెల్లార్‌లో జెండా ఎగరేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, లడ్డూలు. జెండా అయ్యాక పెద్దసారుకు సన్మానం. శాలువా కప్పారు. ఫొటోను గోడ మీది నుంచి దించి తెచ్చి బల్ల మీద నిలబెట్టి పూలదండ వేశారు. దండ వేయొచ్చో లేదో ఎవరూ ఆలోచించలేదు. నాకు మాత్రం ఆ దండ సరైన చోటే పడిందనిపించింది.

సెక్రటరీ మైకు పట్టుకుని, “మన మూడో అంతస్తు మేడం కూడా పక్షుల మనిషే. రెండు మాటలు మాట్లాడాలని కోరుతున్నాం” అన్నాడు. వాడికి మా గొడవ తెలుసు. కలిపేద్దామని వాడి ఆశ. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో నాలుగో అంతస్తు ఆంటీ “పో బిడ్డా, మాట్లాడు” అంది.

నేను లేచి మైకు తీసుకున్నాను. చాలా అనుకున్నాను, రాత్రుళ్లు పడుకుని మనసులో ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో! నీడ గురించి, కొమ్మల గురించి, వల మడత గురించి. తీరా నిలబడితే అవేవీ రాలేదు. ఆయన వైపు తిరిగాను.

“సార్, ఆ ఈగ ఏమైంది?”

సెల్లార్‌లో ఎవరికీ అర్థం కాలేదు. ఒకరిద్దరు నవ్వారు. ఆయన శాలువా సర్దుకున్నారు.

“ఏ ఈగమ్మా?”

“రెండో పిల్ల కన్ను మీద కూసున్న ఈగ. మీరే సూపిచ్చిన్రు గదా కెమెరాల. ఇద్దరం జూసినం.”

సెక్రటరీ నా చేతిలో మైకు లాక్కుని ఆయన చేతిలో పెట్టాడు, పెద్దాయన ఏదైనా సర్దిచెబుతాడని. మైకులో ఆయన ఊపిరి వినిపించింది.

ఆంటీ కుర్చీలోంచి లేచింది. బల్ల దగ్గరికి పోయి, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు పెట్టుకుని, పూలదండ ఒక పక్కకు జరిపింది. వంగి చూసింది. అంతకుముందు ఆమె ఆ ఫొటోను ఎన్నిసార్లు చూసిందో, కానీ ఎప్పుడూ తల్లినే చూసి ఉంటుంది. ఈసారి పిల్లను చూసింది. చాలా సేపు చూసింది. తర్వాత నడుం పట్టుకుని లేచి ఆయన వైపు తిరిగింది.

“సార్, గిది పండుకున్నదే గదా?”

అవును అంటే సరిపోయేది. ఆ మాట మొదట అన్నది ఆయనే, మే నెల ఎండలో, ఆ డాబా మీద, ఎవరూ అడగకముందే. ఇప్పుడు ఒక ముసలామె అడుగుతోంది. మైకు ఆయన చేతిలోనే ఉంది. అందరూ చూస్తున్నారు. ఆయన నోరు తెరిచారు, మళ్లీ మూసుకున్నారు.

ఆంటీ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. “అయ్యో” అంది, అంతే. సెక్రటరీ గబగబా లడ్డూలు పంచమన్నాడు. తర్వాత నన్ను చాలామంది తిట్టారు. “పెద్దాయన సన్మానం రోజే దొరికిందా మీకు?” అని మొదటి అంతస్తు ఆవిడ మొహం మీదే అడిగింది. అవును, ఆ రోజే దొరికింది అన్నాను.

ఫొటో మళ్లీ లిఫ్టు పక్కకే చేరింది. దాన్ని తీసేయాలని ఎవరూ అనరు, ఉంచాలనీ ఎవరూ అనరు. పైన లైటు మాత్రం ఎవరో ఆపేశారు. ఇప్పుడు లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లంతా ఫోన్లు చూసుకుంటారు. నాలుగో అంతస్తు ఆంటీ మోకాళ్లు నొప్పులని మూలుగుతూనే కూరగాయల సంచితో మెట్లెక్కుతోంది. నిన్న రెండో అంతస్తు మలుపులో ఆగి ఆయాసపడుతుంటే సంచి నేనందుకున్నాను. “లిఫ్టు ఉన్నది గదా ఆంటీ?” అన్నాను. “గాడ నిలవడాలె గద బిడ్డా” అంది.